ఉప్పెన తర్వాత పల్లెకు దారి

తుఫాను తీరం దాటిన మర్నాడు సాయం మొదలవుతుంది. దాని మర్నాడు తగువు మొదలవుతుంది. మోకాల్లోతు నీళ్లలో ఒక పాస్టరుగారు బియ్యం సంచి అందిస్తున్న ఫొటో ఎవరో పంపుతారు. చూసినవాళ్లు రెండుగా చీలిపోతారు. "పాపం, వాళ్లన్నా వెళ్లారు" అని కొందరు. "బియ్యం వెనకాల బైబిలుంది, చూసుకో" అని కొందరు. ఈ తగువులో నేనూ చాలాసార్లు కూర్చున్నాను. కూర్చున్న ప్రతిసారీ ఒకటే అనిపించేది. ఇద్దరూ ఆ పాస్టరు మనసులో ఏముందో కనిపెట్టే పనిలోనే ఉన్నారు. ఆ సంచి అక్కడికి ఏ దారిన వచ్చింది, వేరే దారి ఎందుకు లేకపోయింది అని మాత్రం ఎవరూ అడగటం లేదు.

మనసుల సంగతి చరిత్రకు తేలిగ్గా దొరకదు. దారుల సంగతి దొరుకుతుంది. కాలవలు, బళ్లు, ఆస్పత్రులు, చెక్కులు, చట్టాలు ఏదో ఒక కాగితం మీద ఉంటాయి. అందుకని ఈ వ్యాసంలో ఆ దారుల వెంటే నడుద్దామనుకుంటున్నాను. ఎక్కడో కాదు, మా వైపే. తెనాలి నుంచి రేపల్లె వెళ్లే రైలుమార్గంలో చినరావూరు దాటితే వచ్చే ఊరు జంపని. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు తెనాలి గుంటూరులో ఉండిపోయింది. వేమూరు మండలంతో పాటు జంపని బాపట్ల జిల్లాలోకి వెళ్లింది. మా నాయనమ్మది ఆ ఊరి పల్లె. 'పల్లె' అనగానే హైదరాబాదులో నా స్నేహితులు గ్రామం అనుకుంటారు. మా దగ్గర ఊరు వేరు, పల్లె వేరు. ఊరికి ఒక అంచున మాలలో మాదిగలో ఉండేది పల్లె. ఈ తేడా గుర్తుంచుకోండి. మిగతా కథంతా దాని మీదే నడుస్తుంది.

1

కృష్ణా పశ్చిమ డెల్టా బల్లపరుపు నేల. 1850ల్లో బెజవాడ దగ్గర ఆనకట్ట కట్టాక కాలవలొచ్చాయి, కాలవల వెంట వరి వచ్చింది, వరి వెంట డబ్బొచ్చింది. ఇలాంటి నేల మీద ఒక అడుగు ఎత్తు కూడా ఆస్తే. మెరక మీద ఊరు కూర్చుంది. పల్లం వైపు పల్లె కూర్చుంది. ఆ మాత్రం జాగా కూడా దొరకనివాళ్లు కాలవగట్ల మీద, మురుగుకాలవల పక్కన పోరంబోకులో గుడిసెలేసుకున్నారు. ఇంకా కిందికి, నిజాంపట్నం వైపు వెళ్తే ఉప్పునేలల్లో చేపలు పట్టేవాళ్లు, యానాదులు. వాన అందరి మీదా ఒకేలా కురుస్తుంది. నీళ్లు మాత్రం పల్లం చూసుకునే వెళ్తాయి.

మా వైపు మూడు మాటలున్నాయి. గాలివాన, ఉప్పెన, వరద. పేపర్లు మూడింటినీ కలిపి 'తుఫాను బీభత్సం' అంటాయి గానీ, మా ముసలివాళ్లు కలపరు. గాలివాన ఆకాశంలోంచి వస్తుంది. ఉప్పెన సముద్రంలోంచి వస్తుంది. వరద కృష్ణమ్మ పైనుంచి మోసుకొస్తుంది. జంపనికి సముద్రం ముప్పై కిలోమీటర్లకు పైనే. కాబట్టి మాకు ఉప్పెన లేదు, గాలివానే. రేపల్లె దక్షిణాన, బాపట్ల తీరాన, ఏటికవతల దివిసీమలో ఉప్పెన. కొల్లూరు, భట్టిప్రోలు లంకల్లో వరద. ఈ మూడూ దిగిపోయాక చేసే పని మాత్రం అందరికీ ఒకటే: గుడిసె లేపుకోవటం, పోయినవాళ్లను వెతుక్కోవటం, గింజల కోసం ఎవరి వైపో చూడటం. ఆ 'ఎవరో' ఎవరన్నదే మన ప్రశ్న.

2

మొదట బందరు వెళ్లాలి. 1864 నవంబరు 1 రాత్రి బందరు మీద ఉప్పెన పడింది. పట్నంలోనూ చుట్టుపక్కలా కలిపి చనిపోయినవాళ్లు సుమారు 30,000 మంది అని ఆనాటి అంచనా. రేవుపట్నంగా బందరు మళ్లీ పూర్తిగా తేరుకోలేదు.

అప్పటికి ఇరవై ఏళ్లకు పైగా అక్కడ ఇంగ్లండు చర్చి మిషనరీ సొసైటీ వాళ్లున్నారు. రాబర్ట్ నోబుల్ 1841లో వచ్చి, 1843లో బడి పెట్టాడు. తర్వాత నోబుల్ కాలేజీ అయింది అదే. షార్కీ దంపతులు ఆడపిల్లలకు బోర్డింగ్ స్కూలు నడిపేవారు. ఆ రాత్రి ఆ స్కూల్లో ముప్పైమందికి పైగా ఆడపిల్లలు నీళ్లలో పోయారు. నోబుల్ బతికి బయటపడ్డాడు గానీ, మరుసటి ఏడాది 1865 అక్టోబరులో అక్కడే చనిపోయాడు.

సాయం చేసే మిషనరీ అనగానే మనకు ఎక్కడో పొడినేల మీద నిలబడి చెయ్యి చాచే మనిషి గుర్తొస్తాడు. బందరులో అలా కాదు. నీళ్లొచ్చినప్పుడు వాళ్లూ నీళ్లలోనే ఉన్నారు. అక్కడ కాపురం ఉన్నారు కాబట్టి, అక్కడి పిల్లల పేర్లు తెలుసు కాబట్టి, ఎవరు మిగిలారో ఎవరు పోయారో చెప్పగలిగారు. ఇంకొకటి కూడా ఉంది. వాళ్ల దగ్గర కలం ఉంది, సొంత దేశంలో ఆ ఉత్తరాలు అచ్చువేసే పత్రికలున్నాయి. పోయిన పిల్లల సంగతి చదివి అక్కడెవరో చందా పంపేవారు. బందరులో మునిగినవాళ్లు ముప్పైవేలు. సముద్రాలు దాటి వార్త అయింది మాత్రం ఉత్తరం రాయగలిగిన మనిషి ఎరిగినవాళ్లే. విపత్తు సాయంలో ఈ లక్షణం నేటికీ పోలేదు. ఉత్తరం పోయి ఫొటో వచ్చింది, అంతే.

3

సాయానికీ మతానికీ మధ్య తగువు అసలు రూపంలో కనపడేది ఉప్పెనలో కాదు, కరువులో. 1876–78 కరువు, తెలుగువాళ్లు ధాత కరువు అని చెప్పుకునేది. తుఫాను వ్యాసంలో కరువెందుకంటే, ఇవాళ మనం వాదించుకునే ప్రతి మాటా మొదట అక్కడే పుట్టింది.

ఒంగోలు అప్పుడు నెల్లూరు జిల్లాలో ఉంది. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ 1866 నుంచి అక్కడ ఉన్నాడు. ఆయన చుట్టూ చేరినవాళ్లలో ఎక్కువమంది మాదిగలు. కరువు పనిగా మద్రాసు ప్రభుత్వం బకింగ్‌హాం కాలవ తవ్విస్తోంది. కృష్ణ నుంచి మా దుగ్గిరాల మీదుగా బాపట్ల పక్కన పారే కొమ్మమూరు కాలవ పెదగంజాం దగ్గర కలిసేది ఆ కాలవలోనే. అంటే మా నీళ్లు, ఆ కరువు కూలీలు తవ్విన నీళ్లు ఒకటే.

ప్రభుత్వ కరువు శిబిరాల్లో కూలి ఎంతో తెలుసా? 1877 మొదట్లో రిచర్డ్ టెంపుల్ అనే అధికారి ఖరారు చేసిన లెక్క ప్రకారం మగమనిషికి రోజుకి ఒక పౌను ధాన్యం, ఒక అణా. పౌను అంటే అరకిలో కన్నా తక్కువ. ఆ కూలికి కూడా మాదిగలు శిబిరాలకు వెళ్లటానికి జంకారు. పై అధికారి దొరే కావచ్చు, కింద మేస్త్రీలు, గుమాస్తాలు పైకులాలవాళ్లు. పనిచోట తిట్లు, దెబ్బలు, కూలిలో కోతలు. క్లౌ ఏం చేశాడంటే, కాలవలో మూడు మైళ్ల పైచిలుకు ముక్క తానే కాంట్రాక్టు తీసుకున్నాడు. మేస్త్రీలుగా తన దగ్గరున్న మాదిగ బోధకులను పెట్టాడు. అంతే, ఆ ముక్క మీదికి జనం వచ్చారు. అక్కడ మతం కన్నా ముందు జరిగింది ఇది. పేరు రాసుకునేవాడు మనవాడు, కూలి లెక్కపెట్టేవాడు మనవాడు.

ఇప్పుడు రెండో సంగతి. కరువు నడిచిన పదిహేను నెలలు, 1877 మార్చి నుంచి 1878 జూన్ దాకా, క్లౌ ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. అడిగినవాళ్లను కూడా ఆగమన్నాడు. కడుపు కోసం కలుస్తున్నారన్న మాట రాకూడదని. సాయం ఆగిపోయాక, 1878 జూలై 3న, గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజున 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. ప్రపంచమంతా మోగిన అంకె ఇది.

ఈ అంకెను రెండు రకాలుగా చదవొచ్చు. అన్నం పెట్టి కట్టేసుకున్నాడు, పదిహేను నెలల ఆగటం ఒక మర్యాద మాత్రమే అనొచ్చు. లేదూ, గింజలు ఆగిపోయాక కూడా ఇంతమంది వచ్చారంటే వాళ్లకు గింజలు కాక ఇంకేదో దొరికింది అనొచ్చు. నేను రెండోదానికి దగ్గరగా ఉంటాను, కానీ దాన్ని కూడా పూర్తిగా ఒప్పుకోను. ఎందుకంటే రెండు చదువుల్లోనూ చేసేవాడు క్లౌ, చేయించుకునేవాళ్లు మాదిగలు. యర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ పెద్ద క్లౌ ఒంగోలులో కుదురుకోకముందే కొత్త దారి వెతుక్కుంటూ తిరిగినవాడు. ఆయన వెంట ఊరూరా చుట్టరికాల మీద ఈ మాట పాకింది. మిషనరీలు దారి వేశారన్నది సగమే నిజం. పల్లెలోంచి దారి వెతుక్కుంటూ బయటికి వచ్చినవాళ్లు మధ్యలో మిషనరీలను కలిశారన్నది మిగతా సగం.

4

మా వైపు ఆ దారులు ఎలా పడ్డాయో చూడండి. జర్మనీలో పుట్టి అమెరికా నుంచి వచ్చిన లూథరన్ మిషనరీ హేయర్ 1842లో గుంటూరు చేరాడు. గుంటూరు నుంచి తెనాలి, రేపల్లె వైపు లూథరన్ బళ్లు పాకాయి. అన్నా కూగ్లర్ అనే డాక్టరమ్మ 1883లో వచ్చి, 1898కల్లా గుంటూరులో ఆడవాళ్లకూ పిల్లలకూ ఆస్పత్రి కట్టింది. మా వైపు ముసలివాళ్లకు అది ఇప్పటికీ 'కుగ్లరాస్పత్రి'. బాపట్లలో బాప్టిస్టులు, సాల్వేషన్ ఆర్మీ. నిడుబ్రోలులో సాల్వేషన్ ఆర్మీ ఆస్పత్రి.

తుఫాను సాయం గురించి మాట్లాడేటప్పుడు వీటిని లెక్కలోకి తీసుకోకపోతే ఏమీ అర్థం కాదు. విపత్తు వచ్చిన రోజున పనికొచ్చేవి అంతకుముందు ముప్పై ఏళ్ల క్రితం కట్టినవే. పల్లెలో పెంకుల కప్పో శ్లాబో ఉన్న ఒకే ఒక్క కట్టడం గుడో బడో అయ్యుండేది. పేర్లు రాసిన పుస్తకం ఉన్నది అక్కడే. చదవను రాయను వచ్చిన పంతులమ్మ ఉన్నది అక్కడే. సాయం అనేది ఆ కట్టడాల మీదుగా, ఆ పుస్తకాల మీదుగా పారింది.

అయితే ఈ కథలో మిషనరీలకు పూలదండ వేసి ముగిద్దామంటే స్టూవర్టుపురం అడ్డొస్తుంది. బాపట్లకు చేరువలోనే ఉన్న ఈ ఊరు 1913 ప్రాంతంలో మొదలైంది. మద్రాసు ప్రభుత్వంలో పెద్ద అధికారి హెరాల్డ్ స్టూవర్ట్ పేరు పెట్టారు. ఎరుకలవాళ్లను 'నేరస్థ జాతి' అని చట్టంతో ముద్రవేసి, అక్కడ కట్టడి చేసి, ఆ కట్టడిని సాల్వేషన్ ఆర్మీకి అప్పజెప్పారు. పొలం ఇచ్చారు, బడి పెట్టారు, మందులిచ్చారు. హాజరు కూడా తీసుకున్నారు. సెలవు చీటీ లేకుండా బయటికి కదలనివ్వలేదు. చీరాల పొగాకు కంపెనీకి కూలీలను అందించారు. చరిత్రకారిణి మీనా రాధాకృష్ణ ఈ వ్యవహారం మీద 2001లో ఒక పుస్తకమే రాసింది. 1952లో ఆ చట్టం పోయింది, ముద్ర మాత్రం చాలాకాలం పోలేదు. అన్నం పెట్టే చెయ్యికి తాళంచెవి కూడా ఇస్తే ఏమవుతుందో స్టూవర్టుపురం చూపిస్తుంది. ఆ తాళంచెవి ఇచ్చింది ప్రభుత్వం, పుచ్చుకుంది మిషను. ఇద్దరినీ చెప్పుకోవాలి.

5

1977 నవంబరు 19, శనివారం. ఈ తేదీ మా వైపు పుట్టినరోజుల్ని కూడా మింగేసింది. "మీ బాబాయి ఉప్పెనకి ఏడాది పిల్లోడు" అంటారు గానీ ఏ సంవత్సరమో చెప్పరు. తుఫాను చీరాల దగ్గర తీరం దాటింది. దానికి కుడిచేతి వైపున్న దివిసీమ మీద సముద్రం తాటిచెట్ల ఎత్తున లేచిందని చూసినవాళ్లు చెప్పారు. సొర్లగొంది, హంసలదీవి, పాలకాయతిప్ప, ఇలా చెప్పుకుంటూ పోతే ఊళ్లకు ఊళ్లు. ప్రభుత్వ లెక్కలో చనిపోయినవాళ్లు సుమారు 10,000. ఆ లెక్కను అప్పుడే ఎవరూ నమ్మలేదు. వలసకూలీలకు, యానాదులకు ఏ పుస్తకంలోనూ పేరు లేదు మరి.

బాపట్లలో ఒక చర్చిలో తలదాచుకున్న సుమారు వందమంది అది కూలి చనిపోయారు. పల్లెకు దొరికే ఒకే గట్టి కప్పు చర్చి అని ఇందాక అన్నాను. ఆ కప్పు కూడా నిలవలేదు. అక్కడికి వెళ్లినవాళ్లంతా ప్రార్థన కోసం వెళ్లి ఉండరు. ఇల్లు నిలవదని తెలిసి వెళ్లి ఉంటారు.

జంపనిలో ఆ రోజు ఉప్పెన లేదు, గాలి ఉంది. కోతకొచ్చిన వరి నేలకొరిగిపోయింది. మా నాయనమ్మ చెప్పిన ముక్కలు ఆమె మాటల్లోనే పెడతాను.

"పొద్దుగూకేసరికి తాటాకంతా లేచిపోయిందిరా అయ్యా. వాసాలు మాత్రం మిగిలినయ్యి, చేప ముల్లులాగా. పిల్లల్ని చంకనేసుకుని బళ్లోకి ఉరికాం. రాత్రంతా నిలబడే ఉన్నాం. మూడోరోజుకి ఊళ్లోకి లారీ వచ్చిందంట. ఊళ్లోనే ఆగింది. పల్లె దాకా రాలా."

తర్వాత ఎవరొచ్చారు అని అడిగాను.

"మన గుడి అయ్యగారు తెనాలి పోయి బియ్యం, దుప్పట్లు ఏపిచ్చుకొచ్చాడు. ఇంటింటికీ పేరు పిలిచి ఇచ్చాడు. ఆ తర్వాత ఇంకెవరో కారేసుకుని వచ్చారు, పాలపిండి డబ్బాలు తెచ్చారు. ముందు కూర్చోబెట్టి గంటసేపు ప్రార్థన. ఆకలి మీద ఉన్నాం, ఆమేను గట్టిగానే అన్నాం."

ఇది చెప్పి ఆమె నవ్వేది. ఆ నవ్వులో రెండో బృందం మీద కోపం ఉండేది కాదు, లెక్క ఉండేది. ఎవరు పేరు పిలిచి ఇచ్చారో, ఎవరు ఆమేను అనిపించుకుని ఇచ్చారో ఆమెకు బాగా తెలుసు. ఇద్దరూ ఒకే దేవుడి పేరు చెప్పుకున్నవాళ్లే. సాయం పుచ్చుకున్నవాళ్లను అమాయకులనుకుని వాదించే మనకన్నా ఆమెకే తేడా స్పష్టంగా తెలుసు.

దివిసీమకు ఎవరెవరు వెళ్లారో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. మదర్ థెరిసా వచ్చింది, ఆమె సిస్టర్లు వచ్చారు. రామకృష్ణ మిషన్ సన్యాసులు వచ్చారు. ఆరెస్సెస్ స్వయంసేవకులు కుళ్లిపోయిన శవాలను ఎత్తి దహనం చేశారు, ముట్టుకోవటానికే జనం భయపడిన పని అది. రెడ్‌క్రాస్, ఆక్స్‌ఫాం, ప్రొటెస్టెంటు సంఘాల ఉమ్మడి సంస్థ కాసా, కాథలిక్కుల కారితాస్. అవనిగడ్డ నాయకుడు మండలి వెంకటకృష్ణారావు ఆ బురదలోనే ఉండిపోయాడు. ఎన్టీఆర్, ఏఎన్నార్ జోలెపట్టి చందాలు అడిగారు.

వీళ్లందరితో పాటు నాస్తికులు కూడా వెళ్లారు. గోరా స్థాపించిన విజయవాడ నాస్తిక కేంద్రం వాళ్లు దివిసీమలో పనిచేసి, ఆ పని కోసమే 1978లో ఆర్థిక సమతా మండలి పెట్టారు. కృష్ణాజిల్లా శ్రీకాకుళం గ్రామం దాని కేంద్రం. గోరా కొడుకు లవణం భార్య హేమలత, జాషువా కూతురు. ఆమె ఆ దశకంలోనే స్టూవర్టుపురంలో ఎరుకలవాళ్ల మధ్య పనిచేస్తోంది. చర్చి నీడన పెరిగిన కవి కూతురు, నాస్తికుల ఇంటి కోడలు, సాల్వేషన్ ఆర్మీ ఒకప్పుడు హాజరు తీసుకున్న ఊరు. మా వైపు చరిత్రలో ఈ మూడూ ఒకేచోట కలుస్తాయి. 'సేవ వెనక మతం' అనే ఒక్క వాక్యంతో దీన్ని చుట్టబెట్టడం ఎవరి తరం?

ఇక్కడ ఒకటి గమనించాలి. అందరూ తమ తమ నమ్మకంతోనే వచ్చారు. నమ్మకం లేనివాళ్లు ఆ శవాల వాసనలో రెండో రోజు ఉండేవాళ్లు కాదేమో. నాస్తికత్వం కూడా గోరాకు ఒక నమ్మకమే. కాబట్టి 'నమ్మకం లేకుండా వచ్చి ఇచ్చి వెళ్లు' అని అడగటంలో అర్థం లేదు. 'నీ నమ్మకాన్ని నా ఆకలికి ముడిపెట్టకు' అని అడగటంలో మాత్రం చాలా అర్థం ఉంది. పదిహేను నెలలు బాప్తిస్మం ఆపిన క్లౌకి అర్థమైంది ఇదే. 1994లో రెడ్‌క్రాస్, కారితాస్, లూథరన్ ప్రపంచ సమాఖ్య, ఆక్స్‌ఫాం లాంటి సంస్థలు కలిసి రాసుకున్న ప్రవర్తనా నియమావళిలో ఇదే నియమంగా వచ్చింది: ఏ రాజకీయ అభిప్రాయాన్నీ మత అభిప్రాయాన్నీ పెంచుకోవటానికి సాయాన్ని వాడకూడదు.

6

1977 తర్వాత తీరం వెంట తుఫాను షెల్టర్లు లేచాయి. స్తంభాల మీద నిలబెట్టిన గట్టి భవనాలు. ప్రభుత్వం కట్టినవి కొన్ని, విదేశీ చర్చీల డబ్బుతో కాసా కట్టినవి కొన్ని. మామూలు రోజుల్లో అందులోనే బడి. 1990 మేలో దాదాపు అదే తీరం మీద, కృష్ణ కలిసే చోట, 1977తో పోల్చదగ్గ తుఫాను పడింది. చనిపోయినవాళ్లు వెయ్యిలోపు. లక్షమందికి పైగా జనాన్ని ముందే ఖాళీ చేయించారు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను సరిగ్గా బాపట్ల దగ్గరే తీరం దాటింది. పంట పోయింది, మనుషులు మిగిలారు.

పదివేల నుంచి ఇక్కడిదాకా తెచ్చింది మిషనరీలు కాదు. వాతావరణ హెచ్చరికలు, రేడియో, రోడ్లు, ముందే ఖాళీ చేయించిన రెవెన్యూ సిబ్బంది. అంటే ప్రభుత్వం. ఇది ఒప్పుకోకపోతే వ్యాసం అబద్ధమవుతుంది. కానీ మనుషులు మిగిలాక ఇంకో సమస్య మిగులుతుంది. ప్రాణం కాపాడే పని ప్రభుత్వం నేర్చుకుంది. ప్రాణం నిలబడ్డాక బతుకు నిలబెట్టే పని ఇంకా సగంలోనే ఉంది. నష్టపరిహారం ఎక్కువగా పొలం పట్టా ఉన్నవాడి పేరునే వస్తుంది, కౌలుకు చేసేవాడికి చాలాసార్లు రాదు. ఇల్లు కూలితే సొమ్ము ఇంటి కాగితం ఉన్నవాడికి వస్తుంది, పోరంబోకు గుడిసెకు కాగితమెక్కడిది? ఆ ఖాళీలోకే ఎప్పుడూ ఎవరో ఒకరు సంచి పట్టుకుని వస్తారు.

7

ఇక డబ్బు దారి. విదేశీ విరాళాల చట్టం మొదట వచ్చింది 1976లో, ఎమర్జెన్సీ రోజుల్లో. దివిసీమకు వచ్చిన పరాయిదేశపు చర్చీల డబ్బంతా ఆ చట్టం ఉండగానే వచ్చింది. 2010లో దాన్ని మార్చి కొత్త చట్టం చేశారు. 2020లో ఇంకో సవరణ వచ్చింది. విదేశీ విరాళం ఏదైనా ఢిల్లీలోని ఒకే స్టేట్ బ్యాంకు శాఖకు రావాలి. పుచ్చుకున్న సంస్థ ఆ డబ్బును ఇంకో సంస్థకు ఇవ్వకూడదు.

ఈ రెండో నియమం పైకి చిన్నదిగా కనపడుతుంది. కానీ మనం ఇప్పటిదాకా నడిచిన దారి గుర్తు తెచ్చుకోండి. డబ్బు పెద్ద సంస్థకు వస్తుంది, పేర్లు చిన్న సంస్థకు తెలుస్తాయి. తెనాలిలోనో రేపల్లెలోనో ఉన్న నలుగురు మనుషుల చిన్న సంఘానికి ఢిల్లీ సంస్థ డబ్బు పంపితేనే అది పల్లె దాకా చేరేది. ఆ చివరి మైలు ఇప్పుడు చట్టం ప్రకారం మూసుకుపోయింది. 2024 ఏప్రిల్‌లో కాసాతో సహా ఐదు సంస్థల విదేశీ విరాళాల లైసెన్సులు రద్దయ్యాయని వార్తలొచ్చాయి. విదేశీ డబ్బు మీద లెక్క అడగటం ఏ ప్రభుత్వానికైనా హక్కే. దారిని మూసేటప్పుడు ఆ దారిన ఎవరికి ఏం చేరుతోందో చూసి, దానికి బదులు ఇంకొకటి వేయటం కూడా బాధ్యతే.

అదే ఏడాది సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కుల నీళ్లు దిగాయి. బ్యారేజీ చరిత్రలోనే అంత ఎన్నడూ రాలేదన్నారు. విజయవాడ మునిగింది కాబట్టి కెమెరాలు అక్కడ ఉన్నాయి. కింద కొల్లూరు, భట్టిప్రోలు లంకల్లో అరటి, పసుపు, కంద నీళ్లలో నానుతున్నాయి. జంపనికి కూతవేటు దూరం అది. సాయం వెళ్లింది. ప్రభుత్వం పంపింది, పార్టీలు పంపాయి, గుళ్లు పంపాయి, చర్చీలు పంపాయి.

ఈ డబ్బు కథలో ఇంకో మెలిక ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవం తీసుకున్న దళితుడు షెడ్యూల్డు కులం కాదు. మన రాష్ట్రంలో వాళ్లను బీసీ-సీలో పెట్టారు. దాంతో పల్లెలో చాలా ఇళ్లకు ఒక బతుకు కాగితం మీద, ఇంకో బతుకు ఆదివారం పూట. చర్చి పుస్తకంలో పేరుంటే సంచి దొరుకుతుంది. అదే పుస్తకం ఎవరి చేతికో చిక్కితే సర్టిఫికెట్టు పోతుందేమోనన్న భయం. దుప్పటి పుచ్చుకునేటప్పుడు తీసే ఫొటోకి ముఖం తిప్పుకునేవాళ్లు సిగ్గుతోనే తిప్పుకుంటున్నారని అనుకోకండి.

8

మరి మనం ఏం చేయాలి? ఈసారి తుఫాను వచ్చినప్పుడు ఫోన్లో క్యూఆర్ కోడ్ వస్తుంది. పంపాలా వద్దా? ఎవరికి? మిషనరీలకు పంపొచ్చా?

నేను మూడు సంగతులు అడుగుతాను. అడిగేటప్పుడు ఇచ్చేవాడు పాస్టరా, స్వామీజీనా, కామ్రేడా అని చూడను. మొదటిది, జాబితా ఎవరు రాశారు? పల్లెలో కూర్చుని పల్లెవాళ్లతో కలిసి రాశారా, ఊళ్లో అరుగు మీద రాశారా? క్లౌ కాలవ మీద మేస్త్రీలను మార్చగానే జనం ఎందుకు వచ్చారో ఇందాక చూశాం. రెండోది, సంచికీ మాటకూ మధ్య ఎంత ఎడం ఉంది? ప్రార్థన చేసుకోవచ్చు, భజన చేసుకోవచ్చు, జెండా కూడా పట్టుకోవచ్చు. గింజలు చేతికి అందాక, ఇంకో రోజు. రాననేవాడికీ అంతే కొలత. మూడోది, లారీ వెళ్లిపోయాక ఏం మిగులుతుంది? కుగ్లరాస్పత్రి మిగిలింది. షెల్టర్ల మీద బళ్లు మిగిలాయి. పాలపిండి డబ్బాలు కూడా మిగిలాయి నిజానికి, మా ఇంట్లో చాలాకాలం ఉప్పు పోసుకున్నారు.

ఈ మూడింటికీ సరైన జవాబు చెప్పే మిషనరీ ఉంటే నేను పంపుతాను. చెప్పలేని ప్రజాసంఘం ఉంటే పంపను. ఇందులో మతసహనం గొప్పతనమేమీ లేదు, మా నాయనమ్మ లెక్కే ఇది.

అయితే మూడు ప్రశ్నలూ ఇచ్చేవాళ్లకే వేసి ఊరుకుంటే సరిపోదు. 1977లో లారీ ఊళ్లో ఎందుకు ఆగింది? పల్లెకు రోడ్డు లేదని డ్రైవరు చెప్పి ఉంటాడు, అది నిజమే కూడా అయ్యుండొచ్చు. మెరక మీద ఉన్నవాళ్లకు రోడ్డుంది, పల్లంలో ఉన్నవాళ్లకు లేదు. ఆ రోడ్డు వేయకుండా వదిలేసిన ఏళ్లన్నీ ఒకపక్క పెట్టి, ఆ రోజు బురదలో నడిచి వచ్చినవాడి చంకలో ఏ పుస్తకముందో మాత్రమే వెతకటం న్యాయం కాదు. పుస్తకం గురించి అడగండి, తప్పకుండా అడగండి. రోడ్డు గురించి కూడా అడగండి.

ఇప్పుడు జంపని పల్లెలోకి సిమెంటు రోడ్డు ఉంది. లారీ నేరుగా వస్తుంది. పల్లం మాత్రం ఎక్కడుండేదో అక్కడే ఉంది. నాలుగు రోజులు వాన పడితే నీళ్లు ఇప్పటికీ ముందు ఆ వీధుల్లోకే వస్తాయి, రోడ్డు మీదుగానే వస్తాయి.